రూతుకు పంపిన గునుగు గోపురం

రేగళ్లపల్లె, చొప్పదండి దగ్గర
అక్టోబరు 1957

మగ్దలేనా,

నీ అక్క ఇంకా బతికే ఉందని తెలియజేయడానికే ఈ ఉత్తరం. కరీంనగరం పోయి యెషయా పంతులు గారి భార్యవయ్యాక నీకు కలం పట్టే తీరిక లేకుండా పోయింది. పోనీలే, నువ్వు రాయకపోతే నేను రాస్తాను. నోరు మూసుకుని కూర్చోవడం ఈ ఎలీసబెతుకు చేతకాదని మనం చదివిన హాస్టలు గోడలను అడిగినా చెబుతాయి.

వానలు వెనకపట్టాయి. మా మిషన్ బడి వెనక బీడంతా గునుగు పువ్వు తెల్లగా విచ్చింది. తంగేడును చూస్తే కండ్లు చెదురుతున్నాయి. ఇట్లాంటి రోజుల్లో పిల్లలను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించడం పాపమని నా నమ్మకం. బడికి పంతులమ్మను నేనొక్కదాన్నే కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు లేరు. పొద్దున చదువూ లెక్కలూ కానిచ్చి, పగటి అన్నం తిన్నాక అందరినీ తోలుకుని బయటికి పోతున్నాను. ఏదీ తెంపొద్దు, రాలినదే ఏరాలి అని మొదట నియమం పెట్టాను. "గునుగు రాలదు గద పంతులమ్మా" అని మా బడి పిల్లాడు ముత్యం అడ్డు తగిలాడు. నియమం అక్కడే సడలింది.

ఏమేం చేశారనుకున్నావు! జొన్న బెండ్లతో బండ్లు, వాటికి కానుగ కాయల ఎద్దులు. మేకులు ఎక్కడివంటావేమో, తుమ్మముళ్లే మేకులు. టేకాకులు కుట్టి టోపీలు చేసుకుని బడిలో దొరల్లాగా తిరుగుతున్నారు. పారిజాతం కాడలు ఉడికిస్తే కాషాయం వచ్చింది, బచ్చలి పండ్లు పిసికితే ఊదా వచ్చింది. నా చీర కొంగు కూడా ఇప్పుడు ఊదారంగే.

ఒక మాట చెప్పాలి. బతుకమ్మ పండుగనాడు ఊళ్లోవాళ్లు ఆడుతుంటే మన క్రైస్తవుల వాడ పిల్ల చంద్రవ్వ చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది. మర్నాడు బడిలో నన్ను అడిగింది. "మనం బతుకమ్మ ఆడొద్దట గద పంతులమ్మా. మరి పువ్వులు గూడ ముట్టొద్దా? గవి గూడ దేవుడు జేసినయే గద?"

ఏం చెప్పను? ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. కోత పండుగకు చర్చిలో జొన్న కంకులు పెడతాం, గుమ్మడికాయలు పెడతాం. పువ్వులు పెడితే తప్పేముంది? గునుగును నీడలో ఎండబెట్టి, రంగులద్ది, టేకాకు మీద వరుస వరుసగా గోపురంలా పేర్పించాను. వాళ్లు గౌరమ్మను పెట్టే చోట మేము చీపురుపుల్లల శిలువ గుచ్చాం. చూసేవాళ్లకు బతుకమ్మ లాగానే ఉంటుంది. కాని పైన శిలువ ఉంది కదా, ఇంక ఎవరేమంటారు?

నీకు గుర్తుందా, హాస్టలు వెనక పగిలిన పెంకు మీద బతుకమ్మ పేర్చింది ఎవరు? నువ్వే. మేట్రనమ్మ బెత్తం దెబ్బలు తిన్నది ఎవరు? నేనే. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎంత ఏడ్చావే ఆ రోజు, దెబ్బలన్నీ నీకే తగిలినట్టు.

నీ బిడ్డ రూతు కోసం అరచేతిలో ఇమిడేంత గోపురం ఒకటి ప్రత్యేకంగా కట్టించాను. పైన శిలువను తుమ్మముల్లుతో చంద్రవ్వే గుచ్చింది. ముత్యం వాళ్ల బాపు బండి కట్టుకుని కరీంనగరం వస్తుంటే ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. పెద్దమ్మ పంపిందని చెప్పు.

నీ అక్క,
ఎలీసబెతు


కరీంనగర్
నవంబరు 1957

ఎలీసక్కా,

బొమ్మ చేరింది. రూతు చేతికియ్యగానే ఎగిరి గంతులేసింది. వీధి కిటికీలో పెట్టుకుని వచ్చేపోయే వాళ్లకు "మా పెద్దమ్మ పంపింది" అని చూపిస్తోంది. అంత చిన్నదాన్లో అన్ని వరుసలు ఎట్లా పేర్చారో అని మా ఇంటాయన కూడా మెచ్చుకున్నారు.

ఉత్తరం రాయలేదని దెప్పుతావు గాని, ఇక్కడ నా పరేషాన్ నాది. ఈయన ఇంకా అసిస్టెంటు పంతులుగానే ఉన్నారు. ఎక్కడన్నా ఒక బడికి పెద్దను చేస్తామని మిషన్ పెద్దలు చాలారోజుల నుంచి అంటున్నారు, చేయడం లేదు. ఈ మధ్య సంఘ పెద్ద బక్కయ్య గారు మా ఇంటికి ప్రార్థనకు వచ్చారు. కిటికీలో బొమ్మ చూసి ఎవరు చేశారని అడిగారు. ఏదో చెప్పాను.

అక్కా, ఊరికే అడుగుతున్నాను, శిలువ పెట్టాలన్నది పిల్లల ఆలోచనా, నీ ఆలోచనా? పాస్టరు అయ్యగారిని అడిగే చేశావా? కోత పండుగ ఎట్లా జరిగిందో, ఊళ్లోవాళ్లు చూసి ఏమన్నారో వివరంగా రాయి. నీ ఉత్తరాలు చదువుతుంటే హాస్టలు రోజులు తిరిగొచ్చినట్టుంటుంది.

నీ చెల్లె,
మగ్దలేన


రేగళ్లపల్లె
డిసెంబరు 1957

నా బంగారు చెల్లెకు,

వివరంగా రాయమన్నావు, ఇంక నన్ను ఆపేవాళ్లెవరు?

ఆలోచన నాదే. అయ్యగారిని అడగలేదు. ఆయన నెలకోసారి సైకిలు మీద వస్తారు, ఆయన కోసం గునుగు ఆగుతుందా? కోత పండుగనాడు బల్ల మీద పెద్ద గోపురం పెట్టాం. చంద్రవ్వ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని చర్చి నడిమధ్య నుంచి నడిచి వస్తుంటే వాళ్ల అవ్వ, కన్నతల్లి కదా, కండ్లు తుడుచుకుంది. ఆ పిల్ల మొహం నువ్వు చూడాల్సింది మగ్దలేనా. ఈ బడికి నేను ఎందుకు వచ్చానో ఆ రోజు తెలిసింది. మా ఆయన పోయి, కడుపున ఒక నలుసు కూడా లేకుండా మిగిలినప్పుడు నేను ఏ బావిలోనో పడేదాన్నే. ఈ పిల్లలే నన్ను పట్టి ఆపారు.

ఊళ్లో సమ్మవ్వ తెలుసు కదా, మా బడి పక్కన ఉండే ముసలామె. చర్చి గుమ్మంలోంచి తొంగి చూసి పోయింది. మర్నాడు బావి దగ్గర కలిస్తే బోసినోటితో నవ్వుతూ ఏమన్నదో విను. "మా గౌరమ్మ మీ ఇంటికి సుట్టపుసూపుగ వచ్చినట్టున్నది పంతులమ్మా." బిందె పక్కన పెట్టి కడుపు పట్టుకుని నవ్వాను. ఈ మాట నీకొక్కదానికే రాస్తున్నాను. వేరేవాళ్లకు చెబితే గోరంతను కొండంత చేస్తారు.

మీ ఆయన పని గురించి ఫికర్ పడకు. మంచిమనిషి, తప్పకుండా పెద్దను చేస్తారు. నేను రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాను. రూతు బొమ్మను ఏం చేస్తోంది? రంగు పోయిందా?

నీ అక్క,
ఎలీసబెతు


కరీంనగర్
డిసెంబరు 1957

ఎలీసక్కకు,

క్రిస్మసు పనుల్లో ఉన్నాను, ఎక్కువ రాయలేను. బొమ్మకు ఏం కాలేదు. రూతు పక్కలో పెట్టుకునే పడుకుంటోంది.

నీ ఆరోగ్యం చూసుకో. చలి ఎక్కువగా ఉంది.

మగ్దలేన


రేగళ్లపల్లె
జనవరి 1958

మగ్దలేనా,

కరీంనగరం వచ్చి పోయాను. పెద్దలు పిలిపించారు. మీ ఇంటికి రాలేదు. వచ్చి ఉంటే రూతు ముందు ఏం నోరు జారేదాన్నో నాకే తెలియదు.

గదిలో మేజా మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద ఒక గునుగు గోపురం ఉంది. చిన్నది. అరచేతిలో ఇమిడేంత. ఎక్కడో ఎవరో ఇట్లాంటిదే చేశారేమో అనుకున్నాను మొదట, అంత పిచ్చిదాన్ని నేను. దగ్గరికి పోయి చూస్తే ఊదా వరుసలో ముత్యం రంగు అద్దకుండా వదిలేసిన తెల్లమచ్చ కనిపించింది. చంద్రవ్వ గుచ్చిన తుమ్మముల్లు కొంచెం పక్కకు ఒరిగి అట్లాగే ఉంది. నా చేతుల మీద తయారైన వస్తువు నాకు తెలియదా? పక్కలో పెట్టుకుని పడుకుంటోందని రాశావు కదే. ఏ పక్కలో?

బక్కయ్య గారు దాన్ని వేలితో తోసి అడిగారు. "శిలువ లేకపోతే పిల్లల ఆటబొమ్మ అనుకుందుము. గౌరమ్మ కూసునే జాగల శిలువ పెడ్తివి. ఇదేం పద్ధతమ్మా?" శిలువ పెడితే అందరికీ సమ్మతమవుతుందనుకున్నాను. శిలువ పెట్టినందుకే తప్పయింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. అయినా అంతవరకు నాకు నీ మీద కోపం రాలేదు. కిటికీలో ఉన్నదాన్ని వాళ్లే తీసుకుపోయి ఉంటారు, పాపం మగ్దలేన ఏం చేస్తుంది అని నీ తరఫున నేనే వాదించుకున్నాను.

తర్వాత ఆయన ఇంకో మాట అడిగారు. "గౌరమ్మ మీ ఇంటికి సుట్టపుసూపుగ వచ్చిందని ఊరోళ్లు నవ్వుతున్నరట గదా. నువ్వు గూడ నవ్వినవట."

ఆ మాట బావి దగ్గర సమ్మవ్వ అన్నది, నేను విన్నాను. మూడోమనిషి ఎవరూ లేరు. నేను రాసింది నీకొక్కదానికే. వివరంగా రాయి అక్కా అని అడిగి మరీ రాయించుకున్నావు. హాస్టలు రోజులు తిరిగొచ్చినట్టుంటుందన్నావు. నిజమే, తిరిగొచ్చాయి. పేర్చింది ఎవరైనా, దెబ్బలు తినేది నేనే.

నెలాఖరుకు బడి వదిలిపెట్టి పొమ్మన్నారు. బడితో పాటు నా గది కూడా పోతుంది. పిల్లలకు ఇంకా చెప్పలేదు. ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు.

నేను నీకు ఏం చేశానే? అదొక్కటి చెప్పు.

ఎలీసబెతు


కరీంనగర్
జనవరి 1958

అక్కా,

నువ్వు నాకేం చేయలేదు. ఆ మాట అనకు.

మా ఇంటి సంగతి నీకు తెలియదు. బతుకమ్మ పండుగప్పుడు రూతు వీధిలో ఆడవాళ్ల నడుమ చేరి చప్పట్లు కొట్టిందట. ఎవరో చూసి పెద్దల చెవిన వేశారు. సొంతబిడ్డను అదుపులో పెట్టుకోలేనివాడు బడినేం నడుపుతాడని ఈయన గురించి అన్నారట. అట్లాంటి సమయంలో నీ బొమ్మ కిటికీలో కనిపించింది. మా ఇంట్లో చేసింది కాదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఎవరు చేశారంటే నీ పేరు చెప్పాను. చెప్పాక ఒక మాట వెంట ఇంకో మాట అడిగారు. ఇంకేమన్నా తెలిస్తే చెప్పమన్నారు. ఈయన నా పక్కనే కూర్చుని నా మొహం చూస్తున్నారు. నన్ను ఏం చేయమంటావు?

పని పోతుందని నేను అనుకోలేదు. మందలించి వదిలేస్తారనుకున్నాను. నువ్వు ఒంటిదానివి అక్కా, ధైర్యం ఉన్నదానివి. ఎక్కడికి పోయినా బతుకుతావు. నాకు పిల్ల ఉంది, సంసారం ఉంది. కోపం తగ్గాక ఒకసారి రా. రూతు నిన్ను అడుగుతోంది.

నీ చెల్లె,
మగ్దలేన


బెల్లంపల్లి, ఆదిలాబాదు జిల్లా
ఫిబ్రవరి 1958

రేగళ్లపల్లె మిషన్ బడి పెద్దపంతులు యెషయా గారి భార్య,
శ్రీమతి మగ్దలేనమ్మ గారికి,

మీ వారికి పని దొరికినందుకు సంతోషం. పెద్దను చేశారనీ మీరు రాయలేదు, ఏ బడికో కూడా రాయలేదు. నేను పెట్టె సర్దుకుంటుంటే సమ్మవ్వ వచ్చి చెప్పింది. "కొత్త పంతులు వస్తుండట, యెషయా అట పేరు. ఆయన పెండ్లాం నీ చెల్లెనట గద. ఇగ నీకేం ఫికర్ బిడ్డా, నీ ఇల్లు నీ ఇంటోళ్ల చేతులనే ఉన్నట్టు." ఆ ముసలామె నన్ను సంతోషపెట్టాలనే అన్నది. నేను అవునని తలూపాను.

మీరు చెప్పింది నిజమే, ఒంటిదాన్ని, ఎక్కడైనా బతుకుతాను. తమ్ముడు అంకయ్య ఇక్కడ బొగ్గుబాయిలో పని చేస్తున్నాడు. వాడి క్వార్టరులో ఒక మూల నాకు దొరికింది. వాడి భార్య మంచిదే, కాని పొయ్యి దగ్గర రెండో ఆడది నిలబడితే ఎట్లా ఉంటుందో మీకు చెప్పనవసరం లేదు.

బడి తాళంచెవి సమ్మవ్వ దగ్గర ఉంది. గది చూరు తూర్పువైపు కారుతుంది, వానలకు ముందే గడ్డి కప్పించుకోండి. అటక మీద కుండలో తుమ్మముళ్లు ఉన్నాయి, చూసి చేయి పెట్టండి.

హాస్టలులో మీ బదులు తిన్న దెబ్బలు నాకెప్పుడూ నొప్పి పెట్టలేదు. అవి నేను ఇష్టపడి తిన్నవి. ఇది నేను ఇష్టపడి తినలేదు.

ఎలీసబెతు


రేగళ్లపల్లె
అక్టోబరు 1958

ఎలీసక్కా,

నీ ఉత్తరం చదివి మళ్లీ రాయకూడదనుకున్నాను. నువ్వు గారు అని రాశాక ఏ మొహంతో రాయను? కాని గునుగు మళ్లీ వచ్చింది. బడి వెనక బీడంతా తెల్లగా ఉంది. కిటికీ తెరిస్తే అదే, తలుపు తెరిస్తే అదే.

ఈ ఊరు మమ్మల్ని కలుపుకోలేదు. సమ్మవ్వ నాతో మాట్లాడదు. బావి దగ్గర నేను పోతే బిందె ఎత్తుకుని పక్కకు పోతుంది. బడి చూడటానికి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని, పిల్లల చేతిపనులు ఏమైనా చూపించాలని ఈయన పిల్లలను బయటికి తీసుకుపోయారు. అందరూ పోయారు, చెట్ల కింద కూర్చున్నారు. ఎవరూ వంగి ఒక్క ఆకు ఏరలేదట. ముత్యం లేచి, "మాకు రాదు సార్, మా పంతులమ్మకే వస్తది" అన్నాడట. వాళ్లకు రాకపోవడమేమిటి? అటక మీద జొన్న బెండు బండ్లు ఇంకా ఉన్నాయి. ఈయన వాణ్ని కొట్టబోయి ఆగారు. ఆ పూట అన్నం తినలేదు.

చంద్రవ్వ ఒక్కతే రూతుతో ఆడుతుంది. ఈ మధ్య ఇద్దరూ బీట్లోకి పోయి ఒడినిండా గునుగు కోసుకొచ్చారు. రూతు దాన్ని నా ముందు కుమ్మరించి, "పెద్దమ్మ ఇచ్చింది ఎలుక ఎత్కపోయిందంటివి గదనే అవ్వా. మల్ల ఒకటి జేసియ్యి" అన్నది. అవును, ఎలుక ఎత్తుకుపోయిందని చెప్పాను. పిల్లకు ఇంకేం చెప్పను?

కూర్చుని పేర్చాను అక్కా. హాస్టలులో పెంకు మీద పేర్చిన చేతులే ఇవి. రెండో వరుసకే కూలిపోయింది. ఎండబెడితే రాలిపోతోంది. రూతు మొహం చూసి చంద్రవ్వ, "పంతులమ్మ కట్టిస్తే నిలుస్తుండె" అన్నది.

ఒక్క బొమ్మ కట్టి పంపవా? నా కోసం కాదు, రూతు కోసం. నా మీద కోపం పిల్ల మీద చూపించేదానివి కాదు నువ్వు.

మగ్దలేన


బెల్లంపల్లి
నవంబరు 1958

మగ్దలేనా,

గారు అని రాయడం నాకు అలవాటు కావడం లేదు. అంతమాత్రాన కోపం పోయిందనుకోకు.

ఇక్కడ సాయంత్రాలు క్వార్టర్ల ముందు పిల్లలను కూర్చోబెట్టుకుంటున్నాను. వాళ్ల బాపులు బాయిలోకి దిగుతారు, అవ్వలు నీళ్ల పంపు దగ్గర కొట్లాడుకుంటారు, పిల్లలు గాలికి తిరుగుతారు. ఒకడిది మరాఠీ, ఒకడిది హిందీ, ఒకడిది మన భాష. టేకాకు ముట్టుకుంటే అందరిదీ ఒకటే భాష. ఇక్కడి గునుగు మీద బొగ్గుదుమ్ము పడి ఉంటుంది, కడిగి వాడుకుంటాం. జీతం లేదు, బల్ల లేదు. ఎవరూ పొమ్మనే వీలు కూడా లేదు.

రేగళ్లపల్లె పిల్లల మాట రాశావు. చదివి ఏడ్చాను. ముత్యాన్ని కొట్టొద్దని మీ ఆయనకు చెప్పు. వాళ్లను ఏరమని నేను చెప్పానని కూడా చెప్పు. నా మీద ప్రేమతో వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటే నాకేం సంతోషం? చంద్రవ్వ చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు నిలబడిన రోజు నేను చూశాను. మళ్లీ అట్లా నిలబడకూడదు.

నీ గునుగు ఎందుకు రాలుతోందంటే, పూర్తిగా విచ్చాక కోస్తున్నావు. కొస ఇంకా గులాబీరంగులో ఉన్నప్పుడే కోయాలి. కట్టలు కట్టి తలకిందులుగా నీడలో వేలాడదీయాలి. కింది వరుసకు కాడలు పొడుగ్గా, పైకి పోయేకొద్దీ పొట్టిగా కత్తిరించాలి. ప్రతి వరుసను కింది వరుసకు ముల్లుతో గుచ్చాలి, లేకపోతే నిలవదు.

రూతు కోసం మూట పంపుతున్నాను. అంకయ్య స్నేహితుడు చొప్పదండి వస్తున్నాడు, ఇచ్చిపోతాడు. అందులో ఎండిన గునుగు ఉంది, రంగులద్దినవే. టేకాకు ఉంది, తుమ్మముళ్లు ఉన్నాయి, రెండు చీపురుపుల్లలు ఉన్నాయి. కట్టిన బొమ్మ మాత్రం లేదు. కట్టి పంపాలనే కూర్చున్నాను. సగం కట్టి విప్పేశాను.

నువ్వే కట్టు. రూతును ఒళ్లో కూర్చోబెట్టుకుని, చంద్రవ్వను పక్కన కూర్చోబెట్టుకుని కట్టు. పైన ఏం పెట్టాలో నేను చెప్పను. కిటికీలో పెట్టు, రూతుకు అట్లాగే ఇష్టం. రేపు బక్కయ్య గారు ఆ ఊరికి కూడా ప్రార్థనకు వచ్చి, ఇదెవరు చేశారని అడిగితే, రూతు నీ మొహం చూస్తుంది. నువ్వు కట్టడం అది కండ్లారా చూసి ఉంటుంది.

ఈసారి నా పేరు చెప్పే వీలు నీకు లేదు.

ఎలీసబెతు